సగం వాక్యం

తిబిలిసి రైల్వే స్టేషన్ కింద, సొరంగంలో, మా కొట్టు.
పైన రైలు కదిలితే
అద్దాల బీరువాలో కీబోర్డులు గజగజలాడతాయి.
ఫిబ్రవరి చివర. కరిగిన మంచు
మెట్లు పట్టుకుని బద్ధకంగా దిగుతోంది.

ఆవిడ కోటు విప్పలేదు.
"కంప్యూటర్ కావాలి. అబద్ధాలొద్దు," అంది.

నిద్రలో లేపినా ఒప్పజెప్పే పాఠం మొదలెట్టాను:
స్టోరేజి వెయ్యి జీబీ, మీ జీవితమంతా పడుతుంది అందులో.
ర్యామ్ ఎనిమిది. చాలు.

"రెండూ జీబీలే అంటున్నావు.
ఒకటి వెయ్యి, ఒకటి ఎనిమిది.
ఒకే గజంతో గుడ్డనీ గోడనీ కొలుస్తున్నావా?"

బల్ల చూపించాను. ఇదీ ర్యామ్.
పని చేస్తున్నంతసేపూ ఎన్ని విప్పి పరుచుకోగలనో, అంత.
దాని మీద అప్పుడు
పొట్ట కోసిన ఫోను, మూడు స్క్రూడ్రైవర్లు,
సగం తిన్న ఖాచాపురి.
వెనక ఆ ఇనప అల్మారా స్టోరేజి.
అల్మారా ఆకాశమంత ఉన్నా
బల్ల ఇరుకైతే ప్రతిదానికీ లేచి వెళ్ళాలి.
తెర మీద గిరగిర తిరిగే చక్రం ఉంటుందే,
అది నేను లేచి వెళ్ళడం.

ఆవిడ పెదవులు విప్పకుండా నవ్వింది.
"ముప్ఫై ఒక్కేళ్ళు దుబాసీని.
గాజు గది. చెవులకి హెడ్‌ఫోన్లు.
జర్మన్ వాడు క్రియని వాక్యం చివర దాచుకుంటాడు.
అది వచ్చేదాకా మిగతా మాటలన్నీ
నాలుక వెనక నిలబెట్టాలి,
రోడ్డు దాటించే ముందు చంటిపిల్లల్ని పట్టుకున్నట్టు.
వచ్చిందా, వదిలెయ్యాలి.
వదలకపోతే తర్వాతి వాక్యానికి చోటుండదు.
ఇవాళ ఏం మాట్లాడారు వాళ్ళు అని
మా ఆయన అడిగేవాడు రాత్రిళ్ళు.
తెలీదనేదాన్ని.
దాపరికం అనుకునేవాడు పాపం."

అదే ర్యామ్, అన్నాను, కొంచెం ఓడిపోయి.

"కరెంటు పోతే?"

బల్ల మీదివి పోతాయి. అల్మారాలోవి ఉంటాయి.

ట్యూబ్‌లైటు వైపు చూసింది.
ఆ చలికాలాలు నేను పుట్టకముందువి.
ఊరు ఊరంతా కిరోసిన్ వాసన వేసేదని అమ్మ చెప్తుంది.

"ఒకసారి వాక్యం మధ్యలో గాజు గది చీకటైంది.
మైకు చచ్చిపోయింది.
కింద ఆ పెద్దమనిషి మాట్లాడుతూనే ఉన్నాడు, గాజు వెనక
చేపలా నోరు తెరుస్తూ.
నా చేతికొచ్చిన సగం నా దగ్గరే ఉండిపోయింది.
ఇరవై తొమ్మిదేళ్ళు.
మరి నా దాంట్లోంచి ఎందుకు పోలేదంటావు?"

నా పాఠంలో దానికి జవాబు లేదు.
ఆ సగం ఏమిటని కూడా అడగలేదు. అడగాల్సింది.

"సరే. ఈ ఎనిమిదిని తర్వాత పదహారు చెయ్యొచ్చా?"

ఉషాంగి, మా యజమాని, మూలన టీ చల్లార్చుకుంటూ
నా వైపే చూస్తున్నాడు.
ఆ ఎనిమిదివి ఇంకా పదకొండు ఉన్నాయి మా దగ్గర.
చెయ్యొచ్చు అంటే ఒక్క మాట.
లేదండీ, అన్నాను, బోర్డుకే అతికించేశారు.
స్టోరేజి మాత్రం మార్చుకోవచ్చు, బయట ఇంకోటి తగిలించుకోనూవచ్చు.

"మరి పెరగనిదాన్ని ముందే పెద్దది కొనాలి కదరా అబ్బాయీ.
పెరిగేదానికి తొందరేముంది?"

పదహారు ర్యామ్, రెండువందల యాభయ్యారు స్టోరేజి.
నోట్లు రెండుసార్లు లెక్కపెట్టింది, జర్మన్‌లో.
బిల్లు మీద రాయించుకుంది: ఎతేరి.
ఇంట్లో నూట నాలుగు క్యాసెట్లున్నాయట,
అన్నీ తన గొంతే, అన్నీ ఎవరెవరివో మాటలు.
ఒక్కటీ ఇంతవరకు వినలేదట.

ఉషాంగి ఆ పూట నాతో మాట్లాడలేదు.
షట్టరు దించేముందు బల్ల ఖాళీ చేశాను, మొత్తం.
ఎన్నాళ్ళయిందో దాని చెక్క చూసి.
పైన పది గంటల బతూమి రైలు కదిలింది.
ఖాళీ బల్ల కూడా కొంచెం వణికింది.