మూడో వరస

ముందు చెవి పెట్టి వింటాను.
తెరవడం తరవాత.
టిక్, టిక్, కాస్త ఆగి, టక్.
గుమ్మం దాకా వచ్చి లోపలికి రాలేక
వెనక్కి తిరిగే మనిషి చెప్పుల చప్పుడు.

"ఎన్నిసార్లు ఆన్ చేశారు?"
ప్రభుదాసు వేళ్ళు లెక్కపెట్టబోయి ఆపేసి
"రాత్రంతా" అన్నాడు.
అందరూ అంతే.
పోతున్నదాన్ని పేరు పెట్టి పిలుస్తూ కూర్చుంటారు,
పిలిచిన కొద్దీ అరిగిపోతుందని తెలీక.

సంగడిగుంటలో అతనిది ఫ్లెక్సీల షాపు.
పదమూడేళ్ళ ఊరు ఈ అరచేతి డబ్బాలో ఉంది:
ఓణీల ఫంక్షన్లు, షాపు ఓపెనింగులు,
గెలిచినవాళ్ళు, గెలుస్తామనుకున్నవాళ్ళు,
పోయినేడు పుట్టినరోజుకి దిగిన ఫొటోకే
ఈ ఏడు దండ తగిలించిన శ్రద్ధాంజలులు.
అవేవీ అడగడం లేదతను.
"ఒక్కటి చాలన్నా. మేడే ఫ్లెక్సీ.
మిర్చి యార్డు హమాలీలది. మూడో వరస."

అతని వెనక, మెట్టు మీద, ఒకామె.
సామ్రాజ్యం అట పేరు.
తొడిమలు తీసే చేతులు. కొంగు సర్దుకుంటే
లోపల బాజీ నాలుగు తుమ్ములు తుమ్మాడు.
మొగుడు చినవీరయ్యకి ఇంకో ఫొటో లేదు.
"ఆధార్ కార్డులో ఉంది కదమ్మా" అంటే
"అది ఆయన కాదయ్యా,
ఎవరో భయపడ్డ మనిషి" అంది.

ఆ ఫ్లెక్సీ ఇంకా ఉంది, వాళ్ళింటి మీదే.
రేకు కారుతుంటే కప్పారు.
మూడు వేసవులు గుంటూరు ఎండ
వరసలు వరసలుగా ముఖాల్ని తాగేసింది.
వానని ఆపింది కానీ
మనిషిని ఆపలేకపోయింది.

ఏసీ పదహారులో పెట్టాను.
యూపీఎస్ మీద ఒక చెయ్యి.
బ్రాడీపేట కరెంటుకి మన పనితో పనిలేదు.
తేలిగ్గా వచ్చేది ముందు తీసుకో,
మొరాయించిన చోట గీకకు,
దాటేసి పో, ఆ చివర్నించి వెనక్కి రా.
బాజీకి నేను నేర్పిన విద్య మొత్తం ఇంతే.
"మా నాన్నతో మాట్లాడేటప్పుడు కూడా ఇంతేనా అన్నా?"
అన్నాడు వాడు.
నేను తెర వైపు చూశాను.

మొదటి రోజు తొంభై రెండు శాతం.
రెండో రోజు ఒక్కటి.
మూడో రోజు తెల్లవారుజామున
ఇంకో అర శాతం, దానికీ గీచిగీచి బేరం.
ఆ తరవాత టిక్కుమనడం కూడా మానేసింది.

ఫైలు తెరుచుకుంది.
పైన నిలువెత్తు నాయకుడు.
మెడలో దండ నుంచి కనుబొమల దాకా
అడ్డంగా బూడిదరంగు పట్టీ.
నేను వెళ్ళలేకపోయిన చోటు అది.
కింద జెండా. శుభాకాంక్షలు.
ఒకటో వరస, రెండో వరస,
మూడో వరసలో ఎడం నుంచి ఐదో మనిషి,
బొటనవేలి గోరంత.
ఎండకి కళ్ళు చికిలించి, భుజాన గోనెపట్టా.
ఒక చెవి లేదు, ఎవరో కత్తిరించేశారు.
"నేనే" అన్నాడు ప్రభుదాసు.
"అర్జెంటన్నారు ఆ రోజు."

ఆమె తెర దగ్గరికొచ్చి వేలు పెట్టబోయి
వెనక్కి తీసుకుంది.
"నవ్వుతున్నాడా?"
పెద్దది చేశాను. గళ్ళు గళ్ళుగా విడిపోయాడు.
చిన్నది చేశాను.
నాలుగడుగులు వెనక్కి నడిచి, గోడకానుకుని
"నవ్వే" అంది.

ఒక్కణ్ణే విడదీసి
వెనక నీలం ఆకాశం వేసిస్తానన్నాడు ప్రభుదాసు,
మబ్బులు ఉచితం, చెవి కూడా అతికిస్తాడట.
"పక్కనోళ్ళని తియ్యమాక" అంది.
"అవతలి కొస వాళ్ళు పట్టకపోతే
టిక్కీ లేవదు."

ప్రింటులో ఆరుగురొచ్చారు.
చెవి లేకుండానే.

మిగిలిన ఆరున్నర శాతంలో ఎవరున్నారో
ఇంతవరకూ ఎవరూ వచ్చి అడగలేదు.
బాజీ ఆ డబ్బా మీద తేదీ రాసి
అల్మరాలో పెట్టాడు.
పారెయ్యమని నేనూ అనలేదు.