ఊదా రకం

పూనోకు పైన, ఊపిరి పలచబడే ఎత్తులో
మూడు రకాల బంగాళాదుంపలు ఒకే చేలో నాటాం.
తెల్లవి ఇరవై నాలుగు మొక్కలు, పసుపువి ఇరవై నాలుగు.
ఊదా విత్తనం ఆరే వచ్చింది.

తవ్విన రోజు తెల్లవీ పసుపువీ బుద్ధిమంతుల్లా
మొక్కకో కిలో, చిటికెడు అటూ ఇటూ.
ఊదావాటిలో ఒకటి నాలుగు కిలోలు,
ఒకటి మూడున్నర,
ఒకదాని కింద నాలుగు గోలీకాయలు,
ఒకదాని కింద ఉత్త వేళ్లు.

రాత్రి సగటులు తీశాను. ఊదాదే పైచేయి.
విస్తృతి విశ్లేషణ అడిగేది ఒకటే:
రకానికీ రకానికీ మధ్య ఎడం
లోపలి అల్లరి కంటే పెద్దదా?
ఆ అల్లరిని ఎలా కొలుస్తావని
నేను దాన్ని అడగలేదు.
మూడింటినీ ఒకే గాటన కట్టి
గంపగుత్తగా ఒక్క అంకె చేసింది.
నలభై ఎనిమిది మొక్కల నిద్ర
ఆరింటి కలవరం మీద దుప్పటి కప్పింది.
కాకతాళీయంగా ఇంత తేడా
వందలో ఒక్కసారైనా రాదంది.

ఇంజనీర్ బెలార్మీనో అప్పుడే లారీకి ఫోన్ చేశాడు,
నలభై ఊళ్లకు ఊదా విత్తనం.

తవ్విన ఎర్మెలిందా మట్టి గోళ్లతో కాగితం తిప్పి చూసి,
"నాలుగు కిలోలది రాతిగోడ పక్కది.
రాయి రాత్రంతా వెచ్చగా ఉంటుంది.
తెల్లవాటికి గోడ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.
దీనికి అలా కాదు" అంది.

ఒక్క మెతుకు పట్టి చూడొచ్చు,
కుండంతా ఒకే సెగ మీద ఉడికితే.

కలవరం ఇరవై నాలుగింటిదీ నిద్ర ఆరింటిదీ అయివుంటే
ఇదే పరీక్ష చెవిటిదయ్యేది.
నిజమైన తేడా తలుపు బాదినా లేచేది కాదు.
మూడూ సమానంగా నాటివుంటే
ఇంతగా మోసపోయేవాణ్ణి కాదేమో.

మర్నాడు ఎవరి అల్లరి వారి ఖాతాలోనే రాసి
మళ్లీ లెక్క కట్టాను.
ఆ తేడా
రెండుసార్లకొకసారి ఊరికే వచ్చేదేనట.

"మరి లారీ?" అన్నాడు బెలార్మీనో.
వద్దన్నాను. బయానా పోయిందని
వారం రోజులు నాతో మాట్లాడలేదు.

నివేదికలో ఇలా రాశాను:
ఊదా రకం మంచిదో కాదో తెలియదు.
గోడ తెలుసు దానికి, మంచు తెలుసు.
వచ్చే ఏడు ఇరవై నాలుగు పంపండి.

నాలుగు కిలోలదాన్ని ఆ రాత్రే
నివురులో కాల్చుకు తినేశాం.
ఆ సంగతి రాయలేదు.