కాల్చకూడని బొగ్గు

నిన్న రాత్రి గాలివానకు
జయనగరంలో పడిన తురాయి చెట్టు
తెల్లారేసరికి మా లారీలో ఉంది.
కొమ్మలకింకా పూలున్నాయి.
మొదట్లో బెరడు మింగేసిన ఒక మేకు,
మేకుకు 'ఇల్లు అద్దెకు' రేకు ముక్క.
ఆ ఇంట్లో ఎవరు దిగారో ఏమో,
చెట్టు మాత్రం ఖాళీ చేసింది.

కుంబళగోడు దాటాక కుడిచేతి సందులో మా షెడ్డు.
మైసూరు రోడ్డు కోతమిల్లుల పొట్టు,
విరిగిన మంచం కోళ్ళు, ప్యాకింగ్ పెట్టెల చెక్కలు,
కరెంటు తీగలకు అడ్డమని నరికిన కొమ్మలు
అన్నీ ఇక్కడికే.
రంగేసిన చెక్కను ఏరి పక్కన పెట్టడం నా పని,
మేకులు పీకడం నా పని.
కొలిమి తలుపు బిగించి, సందుల్లో మట్టి మెత్తడం
ఎవరూ నేర్పకుండానే వచ్చు నాకు.

ఇంజనీరు పిల్ల నవమి
ఆక్సిజనని, డిగ్రీలని, అరగంట చెప్పింది మొదటిరోజు.
మా నాయన ఒక్క ముక్కలో చెప్పేవాడు:
"నిప్పును పస్తు పెడితే బొగ్గు, మేపితే బూడిద."

మడకశిర కంపచెట్లు ఎన్ని కాల్చాడో ఆయన.
గుంత తవ్వి, కట్టె పేర్చి, ఆకు కప్పి, మన్నేసి
మూడు రాత్రులు దాని పక్కనే,
జ్వరమొచ్చిన బిడ్డ పక్కన కూచున్నట్టు.
పొగ ఎక్కడ తెల్లగా ఉందో, ఎక్కడ నీలం తిరిగిందో
కునుకులో కూడా తెలిసేది.
ఆ పొగ ఎటు పోయిందని ఎవరడిగారు?
సగం ఆకాశానికి.
సగం ఆయనకు.

ఇక్కడ పొగను కూడా వదలరు.
గొట్టంలో పట్టి, తిప్పి తెచ్చి
అదే కొలిమి కింద మండిస్తారు.
చెట్టు తన పొగతో తనే ఉడుకుతుంది.
మిగిలిన గ్యాసు చిన్న ఇంజను తిప్పుతుంది,
నాలుగు బల్బులు, ఒక ఫ్యాను.
ఈ పూట నా ఫోను ఛార్జయ్యేది
తురాయి చెట్టు మీదే.

చల్లార్చి తలుపు తీస్తే
కొమ్మ కొమ్మలాగే ఉంటుంది, కణుపులతో సహా,
నల్లగా, బరువు మరిచిపోయి.
రెండు ముక్కలు తాకిస్తే గాజుల చప్పుడు.
తూకమేస్తారు, ఫోటో తీస్తారు, సంచికి నంబరేస్తారు.
పేడనీళ్ళలో నానబెట్టి
మాగడి వైపు రాగిచేలల్లో కలుపుతారు.
మన మునిమనవళ్ళు పోయినా అది అక్కడే ఉంటుందట.
ఆ లెక్కను ఏదో దూరదేశపు కంపెనీ కొనుక్కుంటుందట,
తన విమానాల పాపం కింద.
పాపానికి కూడా కిలోలుంటాయని
ఇక్కడికొచ్చాకే తెలిసింది.

మొన్న మధ్యాహ్నం ఇస్త్రీ బండి మునివెంకట
ఖాళీ సంచి చంకన పెట్టుకొని వచ్చాడు.
కెంగేరిలో బస్తా బొగ్గు ధర చెప్పి తల కొట్టుకున్నాడు.
"ఒక్క సంచి ఇయ్యి, సాకమ్మక్కా."
"ఇది కాల్చకూడని బొగ్గు, మునెంకటా."
పడీ పడీ నవ్వాడు.
"కాలని బొగ్గు చూసినా గానీ,
కాల్చకూడని బొగ్గు ఇప్పుడే చూస్తాండా."

రూలు రూలే.
కానీ గేటు బయట బండి మీద
ఆయన ఇస్త్రీపెట్టె మూత తీసి ఊదితే
బూడిదలో ఒక్క నిప్పు కన్ను తెరిచింది.
మా నాయన బస్తాలు లారీలెక్కి వచ్చింది
ఈ ఊరి ఇస్త్రీపెట్టెల్లోకే.

ఆ రోజు రిజిస్టరులో నా రాత:
తరుగు పన్నెండు కిలోలు. కారణం తేమ.
నవమి చదివి, పెన్ను కాసేపు గాల్లో ఆపి
సంతకం పెట్టింది.
ఆమె చొక్కా చేతుల మీద
ఇస్త్రీ మడత ఇంకా నలగలేదు.

మావాళ్ళలో కాల్చరు. పూడుస్తారు.
నాయన పక్కన ఆయన ఎక్స్‌రే కూడా పెట్టింది మా అమ్మ.
అందులో బొగ్గు తెల్లగా పడింది,
చుక్కలు చుక్కలుగా, కంపపూల పుప్పొడిలా.
నలభై ఏళ్ళ పొగ, రెండు తిత్తుల్లో,
మడకశిర ఎర్రమట్టిలో ఆరడుగుల కింద.
సంచి లేదు. నంబరు లేదు.
ఎవరూ తూకమెయ్యలేదు.

లారీ హారన్ కొడుతోంది.
ఈసారి నేరేడట, బసవనగుడిది.
సుత్తి ఎక్కడ పెట్టానో.
ఈ ఊళ్ళో మేకు లేని చెట్టు
ఇంతవరకు నా చేతికి రాలేదు.