రోజుకో గంప

మగ్గాన్ని విప్పి ట్రాలీ ఆటోల ఏసుకపోయిన్రు.
అచ్చుకట్టె, తొక్కుడు పలకలు,
మా నాయిన చేతి చెమటకు నల్లబడ్డ నిలువుకర్ర,
అన్ని పోయినయ్.
గుంట మాత్రం పోలే.
గుంటనెవరు కొంటరు?

నడింట్ల నడుంలోతు గుంట.
ముప్పై రెండేండ్లు నా కాళ్లు అండ్లనే ఉన్నయ్.
గట్టుప్పల్ల ఎండ కొట్టినా వాన పడ్డా
నా మోకాళ్ల కింద ఒకటే కాలం,
సల్లటి మన్ను కాలం.

ఇప్పుడు చండూరు రోడ్డు మీది పెట్రోల్ బంకుల
రాత్రి కావలి నాది.
పొద్దంత పండుకుంటే నిద్ర రాదు.
వచ్చిన కాసేపట్ల కాళ్లు తొక్కుతుంటయ్,
లేని పలకల్ని.
బంకోళ్లు నీలం అంగీ ఇచ్చిన్రు. మిల్లు బట్ట.
ఏళ్లతోటి రుద్ది చూసిన.
ఏ మనిషి కాలూ తగలని బట్ట.

ఆ నెల నేను మంచోన్ని కాదు.
చారుల ఉప్పెక్కువైందని గిన్నె ఇసిరిన.
ఎక్కువ కాలే. నాకు తెలుసు.
అండాలుకూ తెలుసు.
గోడ మీది మరక మూడు రోజులు
మా ఇద్దరినీ చూసింది.
ఎవరన్న అడిగితే "మంచిగనే ఉన్న" అన్న.
అన్నప్పుడల్లా గుంట
ఇంకో బెత్తెడు దిగినట్టనిపిచ్చేది.

మేస్త్రి వచ్చి టేపు పెట్టి కొలిచిండు.
"అర ట్రాక్టర్ మట్టి, పైన రెండు బండలు,
మాపటికల్ల గుంటున్నదన్నదే తెల్వది."
తెల్వదా?
నా చెయ్యి లేవబోయింది.
అండాలు ఆయనకు చాయ్ పోసి సాగనంపింది.

నాతోటి ఏమనలే.
ఆసు ముందల కూసొని రోజుకు
వేలసార్లు చెయ్యి తిప్పిన మనిషి.
తెగిన పోగు సంగతి నాకన్న ఆమెకే ఎక్కువ ఎరుక.
లాగితే ఇంకింత తెగుతది.
ఆపి, రెండు కొసలు దేవులాడి,
తడి అద్ది మెలేస్తేనే అతుకుతది.

రాత్రి నేను కావలికి పోయే ముందు
దొడ్లకెల్లి గంపెడు మన్ను తెచ్చి
గుంట ఒడ్డున పెట్టింది.
"ఇయ్యాల్టికిది. రేపటిది రేపు.
పోసేటప్పుడు కడుపులున్నది అను.
నా మీద కాదు, దాంట్లకు."

మొదటి గంపకు మాట రాలే. మన్నే పడ్డది.
రెండో నాడు మగ్గం కొన్నోన్ని తిట్టిన.
తర్వాత అంగీని.
సొసైటోన్ని మూడు గంపలు తిట్టిన,
ఆమె లెక్క పట్టలే.
ఒకనాడు "నాయిన చేతిది అమ్ముకున్న" అనబోయి
గంప పట్టుకొని అట్లనే నిలబడ్డ.
చేతులు గుంజినయ్ గని
మన్ను పడలే, మాటా పడలే.

అండాలు గుంటలకు దిగింది.
నన్నూ దిగుమంది.
ఒక్కరి కోసం తవ్విన గుంట,
ఇద్దరికి ఇరుకిరుకు.
అప్పుడు చెప్పింది.
ఆసు ఆగినకాంచి తన కుడిచెయ్యి
రాత్రి నిద్రల గాలిల తిరుగుతుందంట.
నేను కావలికి పోయిన ఇంట్ల,
ఒక్కతే, చీకట్ల, ఏ నూలూ లేకుండ.

ఇన్ని రోజులు నేనడగనే లేదు.

తెల్లారి గంప ఆమె పోసింది.
పెదాలు కదిలినయ్.
ఏమన్నదో నాకిననియ్యలే,
నేనూ చెవి పెట్టలే.

పలక ఉన్నకాడ మన్నుల ఒక కండె దొరికింది,
ఎర్ర నూలు ఇంకా చుట్టుకొనే ఉన్నది.
కడిగి గూట్ల పెట్టినం.

పూర్తిగ నింపలే.
జానెడు లోతు ఇడిచినం.
"ఇదేం పని, తట్టుకొని పడ్తరు" అన్నడు మేస్త్రి.
పడ్డం కూడ, ఒకట్రెండు సార్లు.

పొద్దుగాల్ల బంకుకాంచి వచ్చి
చెప్పులిడిచి, ఆ పల్లంల కాళ్లు పెట్టి కూసుంట.
సల్లగుంటది.
అండాలు అన్నం పెడ్తది.
చారుల ఉప్పు నిజంగనే తక్కువైంది ఇయ్యాల.
అడిగి ఏసుకున్న.