వచ్చింటే

బంగారుపాళెం మామిడి గుజ్జు ఫ్యాక్టరీ, రెండో షిఫ్టు.
బ్రిక్స్ మీటరు పక్కన పుస్తకం తెరిచి పెట్టుకోని ఉండా.
స్పెయిన్‌లో కొనేవాడొకడు
డ్రమ్ముకింత అని మెయిలు పెడతాడు, ముందు "కిసియేరా" అంటాడు.
కావాలి అనడు.
కావాలనేటట్టుంటే, అన్నట్టుగా అంటాడు.
దామలచెరువు మండీలో అంత మర్యాదగా
ఎవరూ ఎవర్నీ ముంచలేదు.

పుస్తకం చెప్పే పద్ధతి ఇది:
వాళ్ళు నిజంగా చేసింది ముందు రాసుకో.
వినియేరోన్, వచ్చినారు.
చివర రోన్ కొయ్యి.
ఆ మొండికి రా తగిలించు.
వినియేరా.

నవ్వొచ్చింది. ఇది అంటు కట్టే పనే కదా.
మా నాయన చెంగల్రాయుడు
నాటు మొక్క మోకాటికి ఆనించుకోని
ఏటవాలుగా కోసి, తోతాపురి పుల్ల జతచేసి
ప్లాస్టిక్ పట్టీ ముడి పండ్లతో బిగించేవాడు.
"కింద పులుపు కాయ వేరుండల్ల రా,
పైన తీపి నిలబడాలంటే."
కూతురైనా నన్ను రా అనే పిలుస్తాడు.
ఈ పుస్తకంలో క్రియలన్నీ అట్లనే పిలుస్తాయి.

పెన్సిలుతో రాస్తా పోయినా.
యోవియేరా, వాన పడింటే.
సుబియేరా, రేటు ఎక్కింటే.
దిహేరా, ఒక్క మాట చెప్పింటే.
కిలో రెండున్నరకు పడిపోయిన సంవత్సరం
నలభై మూడు చెట్లు రంపం మిల్లుకు పోకుండా ఉండింటే
అని రాయబోయి, వెనక పేజీలో జవాబులు చూసినా.

అన్నీ తప్పులే.
అయిపోయినదానికి వేరే రూపముందంట,
అది పదిహేడో పాఠం.
ఇది ఇంకా ముగియనిదానికి.
పడింటే కాదు, పడేటట్టుంటే.
వచ్చింటే కాదు, వచ్చేటట్టుంటే.
రబ్బరుతో చెరిపితే కాగితం చిరిగింది ఒకచోట,
చెట్ల దగ్గిర.

పన్నెండున్నరకు ట్రాక్టరు హారన్ కొట్టింది.
శాంపిల్ తీసినా, పద్నాలుగు పాయింటు రెండు.
నాయన ఇప్పుడు హైవే పక్క నర్సరీలో
దినకూలికి అంటు కడతా ఉండాడు, ఎవరెవరి తోటలకో.
మా ఎకరన్నర బీడుగానే ఉంది.

మిగిలిన ఖాళీలో ఒకటి రాసినా:
ప్లాంతారా, నాటేటట్టుంటే.
ఆరు వరసల పట్టికలో
నేను అనే వరసకూ, ఆయన అనే వరసకూ
రూపం ఒకటే.
ఎవరో తెలియాలంటే ముందర సర్వనామం పెట్టమన్నారు.

పెట్టలేదు.
పుస్తకం మూసి, మీటరు గాజు తుడిచి,
తరవాతి డ్రమ్ము మూత తెరిచినా.