కరెంటు పోయినంతసేపు

హనుమకొండ నుంచి రెండు బస్సులు మారి
ముప్పై ఒక్క ప్రశ్నల కాగితాలు చంకన పెట్టుకొని
సిరిసిల్ల బి.వై. నగర్‌లో దిగాను.
సాంచాల షెడ్డులో
నా మొదటి ప్రశ్న నాకే వినపడలేదు.

దూస అంబదాసు నా పెదాల వంక చూశాడు.
తర్వాత బొటనవేలు తన పెదవికి ఆనించి వంచాడు.
అవతలి గోడ దగ్గర్నుంచి చాయ్ వచ్చింది.
రెండు వేళ్లతో మీసం దువ్వితే సేటొచ్చిండని,
చూపుడువేలు మెలేస్తే పోగు తెగిందని,
అరచెయ్యి బోర్లిస్తే కరెంటు పోయిందని.
ఇన్నేళ్లుగా ఇక్కడ నడుస్తున్న భాష.
మా ల్యాబులో దీనికి పేరు కూడా లేదు.

చెవి పరీక్షకు నిశ్శబ్దం కావాలి.
ఎక్కడ తెచ్చేది?
"అప్పట్ల దినాం కరెంటు వొయ్యేది బిడ్డా,
గప్పుడే ముచ్చట్లు వెట్టుకునేటోళ్లం.
ఇప్పుడు పోతనే లేదు గద!"
అని అరిచి చెప్పాడు, అదేదో నష్టం జరిగినట్టు.
ట్రాన్స్‌ఫార్మర్ కాలేదాకా
మూడు రోజులు కాచుకొని కూర్చున్నాను.

నలభై సాంచాలు ఒక్కసారే నోరు మూశాయి.
షెడ్డు వెనక ఇంట్లో, చాప మీద
మా నమూనా బయటికి తీశాను.
'చర్మం రంగు' అని డబ్బా మీద రాసుకున్నాం.
ఎవరి చర్మమని
ఆయన చెవి పక్కన పెట్టాక గానీ నాకు తోచలేదు.
ఆయనకు ఆ బాధ లేదు.
"ఎర్రగ చెయ్యుండ్రి. దూదినూగుల పడితె దొర్కాలె."

తెగిన పోగును రెప్పపాటులో ముడేసే వేళ్లు
బ్యాటరీ తలుపు దగ్గర తడుముకున్నాయి.
కాయలు కాసిన వేలికొసకు
నున్నటి ప్లాస్టిక్కు ఉన్నా లేనట్టే.
కందిగింజంత బ్యాటరీ రెండుసార్లు దొర్లిపోయింది.
మూలన చాట ఒళ్లో పెట్టుకొని
తునికాకు కత్తిరిస్తున్న లస్మవ్వ
"తే ఇటు" అని
బీడీ మూతి మలిచే గోరుతో టక్కున తీసింది.
ఆ గోరు వెడల్పు స్కేలు పెట్టి కొలుచుకున్నాను.
ఆ వారం రాసుకున్న అంకెలన్నిట్లో
ఇప్పటికీ నేను నమ్మేది అదొక్కటే.

"ఎంతైతది?"
పదిహేను వందల లోపే, అన్నాను కొంచెం గర్వంగా.
ఆమె పెదాలు కదిలాయి.
"ఏడు వేల బీడీలు."
కత్తెర రెండాకులు కోసింది.
"మళ్ల నెలనెల బ్యాటరీకో ఐదు నూర్లు."
బీడీలా రూపాయలా అని నేనడగలేదు.

మీట నొక్కాం.
అంబదాసు ఏదో అనబోయి
తన గొంతు తనకే తగిలి ఉలిక్కిపడ్డాడు.
"నేను గింత గట్టిగ మాట్లాడ్తనా?"
ఎవరూ జవాబివ్వలేదు.
పక్కింటి సక్కుబాయి గోడమీంచి తొంగిచూసింది.
పదకొండేళ్లుగా ఈ ఇంట్లో రోజూ కొట్లాటేననుకుంటున్నదట,
ఇవ్వాళ సప్పుడు లేదేమని.

చేతులు కడుక్కునే నెపాన
లస్మవ్వ నన్ను వాకిట్లోకి పిలిచింది.
"గది పెట్టుకుంటె ఎంత దూరం ఇనవడ్తది?"
పది పదిహేను అడుగులు, నిమ్మళంగా.
"నేను నోట్లె అనుకునేటియి?"
నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.
పెనిమిటిని పచ్చిగా తిట్టుకోవడానికి
ఇన్నేళ్లుగా ఆమెకున్న ఒక్క జాగాలోకి
నేను మైకు పట్టుకొని వచ్చాను.
ముప్పై ఒక్క ప్రశ్నల్లో
ఆమెకు ఒక్క గడీ లేదు.
కాగితం తిరగేసి, వెనకవైపు
ఆమె పేరు రాశాను. కింద ఏం రాయాలో తెలియలేదు.

సాయంత్రం తీగలు కలిశాయి.
గోడలు వణకకముందే, అరికాళ్లకు తెలిసిందేమో,
ఆయన దాన్ని చెవిలోంచి పీకి
ఖాళీ అగ్గిపెట్టెలో వేసి జేబులో పెట్టుకున్నాడు.
నేను పరుగెత్తి అడిగాను, పద్నాలుగో ప్రశ్న:
రోజుకు ఎన్ని గంటలు వాడతారు?
నా పెదాలు చదివి
అరచెయ్యి బోర్లించి చూపాడు.

బస్సులో రాసుకున్నాను:
ఎరుపు.
గోరుకు అందే గాడి.
పెట్టుకోవడం కన్నా
తీసెయ్యడం సులువుగా ఉండాలి.