తువ్వాలు కింద ధర

దామలచెరువు మండీలో
తోతాపురి గుట్టల పక్కన
ఖాళీ క్రేట్ల మీద కూర్చోని
పొద్దున్నుంచీ ఒకటే రచ్చ:
మోకాలు వాచిన మా కబడ్డీ రైడర్ని
టీము వదిలేసింది తప్పా, ఒప్పా?

"ముప్పై ఒకటి దాటినోడికి అన్ని లక్షలా?"
అంటాడు లారీ గజేంద్ర.
"వాడు తెచ్చిన బోనస్సులు లెక్కేసినావా నువ్వు?"
గోనెసంచి విదిలిస్తా మునెమ్మ.
"కొత్త పిల్లోడికి కాలు చురుకు."
"చురుకు సరే,
ఆఖరి నిమిషంలో ఏడుగురి మధ్యకి
ఒంటిగా పొయ్యేదెవరబ్బా?"

బీడీ ఆర్పి
చెంగల్రాయుడు నా చెయ్యి పట్టుకున్నాడు.
పైన తువ్వాలు కప్పి,
కాయల బేరం మాదిరే
వేళ్ళు నొక్కి
వాడి ధర చెప్పినాడు.

"ఎంతంట?" అనింది మునెమ్మ.
నేను చెప్పలే.
చూపుడువేలు ఇంకా నొప్పెడతా ఉండాది.